అన్నీ కలిపి ఎంత?

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆటో ఆపి ఫిల్మ్‌నగర్ అంటే చాలు, మనం కూర్చోకముందే బేరం మొదలవుతుంది. “గుట్ట ఎక్కాలన్నా, వచ్చేటప్పుడు ఖాళీ బండి. మీటర్ మీద ఇరవై ఇయ్యి.” ఈ ఇరవైకి రసీదు లేదు, జీవో లేదు. లెక్క మాత్రం ఉంది. ఎత్తు మీదికి బండి ఎక్కువ తాగుతుంది, తిరుగు ప్రయాణంలో మనిషి దొరకడు. హైదరాబాద్‌లో ఆటో చార్జీలను ప్రభుత్వం 2014లో సవరించింది. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ తర్వాత పదేళ్లు దాటినా మీటరు అక్కడే ఉండిపోయింది, పెట్రోలు ఉండలేదు. మీటరు ఎక్కనిదాన్ని డ్రైవరు నోటితో ఎక్కిస్తున్నాడు. ఇంధన సర్‌చార్జీ అనే పెద్దమాటకు మన వీధిలో పేరు “మీటర్ మీద ఇరవై”.

అదే దారిలో మేడ మీద ఒక ట్రావెల్ ఆఫీసు ఉంది. గోడ నిండా ఓడ బొమ్మ, దాని పక్కన పెద్ద అంకెల్లో ఒక ధర, ఆ ధర నెత్తిన కనిపించీ కనిపించని చిన్న చుక్క. లోపలికి వచ్చినవాళ్లు ఓడ ఎన్ని అంతస్తులో, ఈతకొలను ఉందో లేదో తర్వాత అడుగుతారు. మొదటి ప్రశ్న మాత్రం పెళ్లి భోజనాల కాంట్రాక్టరు దగ్గరైనా, కాశీయాత్ర బస్సు దగ్గరైనా, పాపికొండల లాంచీ దగ్గరైనా మనవాళ్లు అడిగేదే. “అన్నీ కలిపి ఎంత?”

ప్రయాణికులకు ఇంధన సర్‌చార్జీ మీద కోపం ఎందుకన్నది ఈ ఒక్క ప్రశ్నలోంచి చూస్తే చాలావరకు విడిపోతుందని నా అభిప్రాయం. డబ్బు ఎక్కువైనందుకు వచ్చే కోపం తక్కువ. డీజిల్ పెరిగిందని అందరికీ తెలుసు, స్కూటరున్న ప్రతివాడికీ బంకు బోర్డు కనిపిస్తుంది. అన్నీ కలిపి ఇంత అని ఒకసారి మాటయ్యాక, మళ్లీ చెయ్యి చాచడం దగ్గరే పేచీ. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ప్రయాణికుణ్ని ఎగతాళి చేసే సామెత మనకుంది. నది మధ్యలో రేటు మార్చిన ఓడవాడి మీద సామెత లేకపోవడం ఆశ్చర్యమే. అలాంటివాళ్లు చరిత్రలో బోలెడంతమంది ఉన్నారు.

ఓడలతోనే మొదలుపెడదాం. 2007 నవంబరులో ముడిచమురు పీపా వంద డాలర్లకు చేరువవుతోంది. ప్రపంచంలో అతిపెద్ద విహార నౌకల సంస్థ కార్నివాల్, మనిషికి రోజుకు 5 డాలర్ల ఇంధన రుసుము వేస్తున్నట్టు ప్రకటించింది. 2008 ఫిబ్రవరి 1 నుంచి అమలు, ఒక యాత్రకు మనిషికి 70 డాలర్లు మించదు. రాయల్ కరీబియన్ కూడా అదే బాట పట్టింది. వారం రోజుల యాత్రకు భార్యాభర్తలిద్దరికీ కలిపి 70 డాలర్లు. ఓడలో రెండు సాయంత్రాలు తాగే కాక్‌టెయిళ్ల ఖర్చు. మరి అంత గొడవ ఎందుకైంది? ఎప్పుడో టికెట్ కొని, అడ్వాన్సు కట్టి, సెలవు పెట్టుకుని కూర్చున్నవాళ్ల మీద కూడా దాన్ని వేశారు కాబట్టి. ఓడల కంపెనీలకు పుట్టిల్లు ఫ్లోరిడా. ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ దగ్గరికి ఫిర్యాదులు వెళ్లాయి. ప్రకటనకు ముందే బుక్ చేసుకున్నవారి డబ్బు వాపసు ఇవ్వడానికి 2008లో రాయల్ కరీబియన్ సుమారు 2.1 కోట్ల డాలర్లకు, కార్నివాల్ సుమారు 4 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. ప్రకటన తర్వాత కొన్నవారికి ఆ ఒప్పందాల్లో వాపసు లేదు. వాళ్లు పెద్దగా అడగనూ లేదు. రుసుము అదే, ఓడ అదే, చమురు అదే. ముందు చెప్పారా, తర్వాత చెప్పారా అన్న ఒక్క తేడా మీద 6 కోట్ల డాలర్లు చేతులు మారాయి.

ఆ ఏడాది జులైలో పీపా 147 డాలర్లకు ఎగబాకి, డిసెంబరుకల్లా 40 కిందికి జారింది. రుసుమూ పోయింది. దాన్ని వేసుకునే హక్కును మాత్రం కంపెనీలు వదులుకోలేదు, టికెట్ ఒప్పందంలోని చిన్న అక్షరాల్లోకి ఎక్కించాయి. ముడిచమురు పీపా 65 డాలర్లో 70 డాలర్లో దాటితే రోజుకు ఇంత వసూలు చేస్తాం, ఇప్పటికే పూర్తిగా చెల్లించినవారి దగ్గరైనా సరే అని. అంటే 2008లో తప్పుగా తేలిన పనికే ఇప్పుడు మన సంతకం ముందే ఉంటుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో చమురు వంద దాటింది. అయినా అమెరికాలోని పెద్ద కంపెనీలు ఆ క్లాజు జోలికి పోలేదు. కరోనా తర్వాత ఖాళీ క్యాబిన్లు నింపుకునే తొందరలో ఉన్నవాడు వచ్చిన గిరాకీని బెదరగొట్టుకోడు. సర్‌చార్జీ వేయాలా వద్దా అన్నది చమురు ధర ఒక్కటే తేల్చదు. సీట్లు ఎలా నిండుతున్నాయో కూడా చూసుకుంటారు. “ఇంధనం పెరిగింది కాబట్టి” అన్న వాక్యం ఎప్పుడూ సగం నిజం.

జూబ్లీ హిల్స్‌కీ అమెరికా ఓడలకీ సంబంధమేమిటంటారా? ఈ రోడ్ల మీద ఏ అపార్ట్‌మెంటు తలుపు తట్టినా డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఒక కొడుకో కూతురో ఉంటారు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వెళ్తారు. మొదటి నెల గుళ్లు, రెండో నెల నయాగరా. మూడో నెల వచ్చేసరికి, “వీళ్లను ఎటైనా తిప్పాలి” అని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు నాలుగైదు రోజుల ఓడ. 2024 దాకా అక్కడ పిల్లలు చూపించిన ధర వేరు, చివరికి కార్డు మీద గీసిన ధర వేరు. రేవు రుసుములు, పన్నులు, ఆపైన మనిషికి రోజుకు ఇంత చొప్పున టిప్పులు. పిల్లలు రెస్టారెంటు బిల్లులతో అలవాటుపడ్డారు కాబట్టి ఊరుకుంటారు. నాన్నగారు ఊరుకోరు. “టిప్పు మనం సంతోషంగా ఇచ్చేది కదరా, వాళ్లే రాసేసుకుంటారా?” అంటారు. ఆయన అడిగింది నిజానికి ఆర్థికశాస్త్రంలో ఒక పాఠం.

ఆ పాఠాన్ని చివరికి కాలిఫోర్నియా చట్టసభ నేర్చుకుంది. ప్రకటనలో చూపిన ధరే తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధర అయి ఉండాలన్న చట్టం అక్కడ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఓడల కంపెనీలు రాష్ట్రానికో రకం ప్రకటన ఇవ్వలేక అమెరికా అంతటా పన్నులు, రేవు రుసుములు కలిపి చూపడం మొదలుపెట్టాయి. టిప్పులు మాత్రం ఇంకా బయటే ఉన్నాయి. మన దేశంలోనూ 2023 నవంబరు 30న కేంద్రం 13 రకాల మోసపు ఎత్తుగడల జాబితా ఇచ్చింది. ధరను చుక్క చుక్కగా కార్చడం, అంటే మొదట ఒకటి చూపి చివరి పేజీలో ఇంకొకటి కట్టించుకోవడం, అందులో ఒకటి. ఓడ బొమ్మ పక్కన ధర నెత్తిన చుక్క పెట్టడం అందులోకి వస్తుందా రాదా అన్నది ఏ వకీలైనా గంటసేపు వాదించగల విషయం.

మన తీరానికి పెద్ద విహార నౌక వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. 2022 జూన్ 8న కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వారి ఎంప్రెస్ విశాఖ రేవుకు వచ్చింది. 1990లో నీళ్లలోకి దిగి ఎన్నో పేర్లు, ఎందరో యజమానులు మారిన పాత ఓడే. కానీ మనకు కొత్త. విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై అన్నారు. పుదుచ్చేరిలో స్థానికుల అభ్యంతరాలతో అదో పెద్ద గొడవైంది. హైదరాబాద్ నుంచి రైలెక్కి విశాఖ పోయి ఓడెక్కినవాళ్లున్నారు. టికెట్ కాక రేవు చార్జీలు, టిప్పులు, జీఎస్టీ వేరుగా లెక్కకట్టాల్సి వచ్చేసరికి, అందరూ చేతివేళ్ల మీద “అన్నీ కలిపి” చేసుకున్నారు. ఆ తర్వాత విశాఖలో 96 కోట్ల రూపాయలతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కట్టి 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. టెర్మినల్ వచ్చినంత త్వరగా ఓడలు రాలేదు, అది వేరే కథ. గోదావరి మీద పాపికొండల లాంచీవాళ్లు దశాబ్దాలుగా టిఫిను, భోజనం, సాయంత్రం పకోడీలతో సహా ఒకటే రేటు చెబుతారు. డీజిల్ పెరిగితే మరుసటి సీజనుకు ఆ ఒకే రేటు పెరుగుతుంది. మనవాళ్లు గొణిగి ఎక్కుతారు. దిగేటప్పుడు గొణగరు.

ఎంప్రెస్ విశాఖకు వచ్చిన మర్నాడే, 2022 జూన్ 9న, తెలంగాణలో ఆర్టీసీ బస్సెక్కినవారి టికెట్ మీద డీజిల్ సెస్ మళ్లీ పెరిగింది. ఓడ వార్త పత్రికల్లో రంగుల బొమ్మలతో వచ్చింది, సెస్ వార్త కాలమ్ మూలన వచ్చింది. ఇంధన సర్‌చార్జీ అనుభవం మన రెండు రాష్ట్రాల్లో నూటికి తొంభైమందికి ఓడలోనూ కాదు, విమానంలోనూ కాదు, బస్సులోనే కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

ఆ ఏడాది మార్చిలో చమురు కంపెనీలు టోకున కొనేవారికి డీజిల్ ధరను లీటరుకు ఏకంగా 25 రూపాయలు పెంచాయి. బంకులో చిల్లరగా కొంటే తక్కువ, ట్యాంకర్ల కొద్దీ కొంటే ఎక్కువ. కిరాణా కొట్టులో ఎవరూ నమ్మని లెక్క ఇది. ఆర్టీసీ బస్సులు డిపోల్లోని సొంత బంకులు వదిలేసి వీధి బంకుల ముందు స్కూటర్ల వెనక వరసకట్టడం అప్పుడు చూశాం. ఏప్రిల్‌లో తెలంగాణ ఆర్టీసీ డీజిల్ సెస్ వేసింది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీల్లో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్ నుంచి పైవాటిలో 5 రూపాయలు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కూడా వేసింది. అక్కడ పల్లెవెలుగులో 2, ఎక్స్‌ప్రెస్‌లో 5, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో 10.

రెండు రూపాయలే కదా అనేవాళ్లు కారులో తిరిగేవాళ్లు. చెక్‌పోస్టు మీదుగా కోఠి నుంచి కొండాపూర్ పోయే 127కె లో పొద్దున ఆరున్నరకు ఎక్కేవాళ్లను చూడండి. ఈ కొండ మీది ఇళ్లలో వంట చేసేవాళ్లు, తోటపని చేసేవాళ్లు, సెక్యూరిటీ డ్యూటీ మారేవాళ్లు, కృష్ణానగర్ నుంచి షూటింగ్ స్పాట్‌కు పోయే జూనియర్ ఆర్టిస్టులు. పదిహేను రూపాయల టికెట్ కొనే మనిషికి రెండు రూపాయలంటే ధరలో దాదాపు ఏడో వంతు, అదీ పోను రాను, నెలకు పాతిక రోజులు. ఐదున్నర వేల విమానం టికెట్ మీద ఐదువందల యాభై అంటే పదో వంతు. లక్ష రూపాయల ఓడ టికెట్ మీద ఐదారు వేలంటే ఇరవయ్యో వంతు. ఎంత చవక ప్రయాణమైతే సర్‌చార్జీ అంత బరువు. దాని గురించి బహిరంగంగా వినిపించే ఫిర్యాదులు మాత్రం తలకిందులు. ఓడవాళ్లు అటార్నీ జనరల్ దాకా వెళ్లారు, విమానంవాళ్లు వినియోగదారుల కోర్టు దాకా. బస్సువాళ్లు కండక్టరు దాకానే వెళ్లగలిగారు. పాపం ఆ కండక్టరు రోజంతా “నేనేం చెయ్యనమ్మా, మిషన్‌లోనే అంత వస్తోంది” అని అప్పజెప్పుకున్నాడు.

అంతకన్నా ఇబ్బందికరమైన లెక్క ఇంకొకటుంది. 2022 ఏప్రిల్‌లో హైదరాబాద్ బంకుల్లో డీజిల్ లీటరు 105 రూపాయల 49 పైసలు. మే 21 రాత్రి కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించాక 97 రూపాయల 82 పైసలకు దిగింది. బంకు బోర్డు మీద ఏడున్నర రూపాయలు తగ్గిన మూడు వారాలకు టికెట్ మీద డీజిల్ సెస్ పెరిగింది. దూరం పెరిగేకొద్దీ పెరిగేలా కొత్త శ్లాబులు పెట్టారు. హైదరాబాద్ సిటీ బస్సులను ఈసారికి వదిలేశారు. సంస్థ వైపు కారణాలు లేకపోలేదు. పాత నష్టాలు ఉన్నాయి, 2019లో 52 రోజుల సమ్మె తర్వాత ఇంకా కోలుకోని ఖజానా ఉంది, టోకు ధర గొడవ ఉంది. ఆ కారణాలన్నీ నిజమే. అయితే వాటిలో చాలావాటి పేరు డీజిల్ కాదు. నష్టం పూడ్చుకోవడానికి చార్జీ పెంచుతున్నామని చెప్పడానికి ధైర్యం కావాలి, అసెంబ్లీలో జవాబు చెప్పాలి. సెస్ అంటే తప్పు చమురు కంపెనీలది అన్నట్టుంటుంది. జనానికి ఈ తేడా తెలియదనుకోవడం పొరపాటు. “డీజిల్ తగ్గింది కదా, ఇది తగ్గదేం?” అని బస్సులో ప్రతి సీటులోనూ అడిగారు.

తగ్గిన సందర్భాలు అసలు లేవా అంటే ఉన్నాయి. 2023 అక్టోబరు 6 నుంచి ఇండిగో విమాన సంస్థ దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 రూపాయల దాకా ఇంధన రుసుము వేసింది. ఐదు వందల కిలోమీటర్ల లోపు 300, అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకు అంత. ఢిల్లీకైతే 550. విమాన ఇంధనం ధర దిగాక 2024 జనవరి 4న ఎత్తేసింది. మూడు నెలల్లో వచ్చి పోయిన రుసుము మన దగ్గర అరుదు, మెచ్చుకోవాలి. కానీ ఎత్తేశాక టికెట్ చవకైందని నాతో చెప్పినవారు ఒక్కరూ లేరు. సంక్రాంతికి ఊరెళ్లేవాడికి జనవరి మొదటి వారంలో ఏ టికెట్ చవకగా కనిపిస్తుంది? అదే రోజుల్లో కాళ్లు చాపుకునే ముందు వరస సీట్ల ధర పెరిగిందన్న వార్త కూడా వచ్చింది. విమానంవాడికి ఖర్చులో దాదాపు 40 శాతం ఇంధనమే కాబట్టి అతని బాధ నిజమైనదే. అయినా ప్రతి గంటకూ మారే మూల ధర చేతిలో ఉన్నవాడు ప్రత్యేకంగా ఇంధన రుసుమని వేరే గీత గీయడం ఎందుకు? చేతిలో ఉన్నది గంటకో రకంగా మారే రేటే కదా, అందులోనే పెంచుకోవచ్చు. కొన్ని లాభాలు ఆ వేరే గీతలోనే ఉన్నాయి. ఏజెంట్లకు కమీషన్ సాధారణంగా మూల ధర మీదే కట్టేవారు. మైళ్లు దాచుకుని ఉచిత టికెట్ తీసుకున్నవాడికి మూల ధర సున్నా అయినా ఈ గీత సున్నా కాదు. అమెరికాలోని మన పిల్లలు ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టి అమ్మకు ‘ఫ్రీ’ టికెట్ తీస్తే వందల డాలర్లు కట్టాల్సి రావడం ఇందుకే.

ఇంకా ముదిరితే ఏమవుతుందో లండన్ చూపించింది. 2004 ఆగస్టు నుంచి 2006 జనవరి మధ్య బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్ అట్లాంటిక్ ఒకరితో ఒకరు మాట్లాడుకుని దూరప్రయాణాల ఇంధన రుసుమును రానుపోను టికెట్‌కు 5 పౌండ్ల నుంచి 60 పౌండ్ల దాకా తీసుకెళ్లాయి. వర్జిన్ ముందు తానే వెళ్లి ఒప్పుకుని శిక్ష తప్పించుకుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 2007లో బ్రిటన్‌లో 12.15 కోట్ల పౌండ్లు, అమెరికాలో 30 కోట్ల డాలర్లు జరిమానా పడింది. తర్వాత ప్రయాణికులకు వాపసు పథకం వచ్చింది. టికెట్ బ్రిటన్‌లోనో అమెరికాలోనో కొన్నవారికే. హైదరాబాద్‌లో కొని అదే విమానంలో పక్క సీట్లో కూర్చున్నవారికి ఏమీ లేదు. మన కాంపిటిషన్ కమిషన్ కూడా సరుకు రవాణాలో ఇంధన రుసుమును కూడబలుక్కుని నిర్ణయించారని జెట్, ఇండిగో, స్పైస్‌జెట్‌లకు 2015లో మొత్తం 258 కోట్ల జరిమానా వేసింది. అప్పీలులో అది కొట్టివేతకు గురై, మళ్లీ విచారించి 2018లో వేసినప్పుడు మూడింటికీ కలిపి 54 కోట్ల చిల్లరకు వచ్చింది. సర్‌చార్జీ తగ్గడం చూడలేదుగానీ సర్‌చార్జీ మీద వేసిన జరిమానా తగ్గడం చూశామని ఒక మిత్రుడు అంటుంటాడు.

ప్రయాణాల సంగతి పక్కనపెట్టి ఒక్క మాట కరెంటు గురించి. ఉమ్మడి రాష్ట్రంలో 2010 తర్వాత రెండు మూడేళ్లు బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీ వచ్చేది. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు వసూలు. ఆ ఇంట్లో అప్పుడున్నవాడు ఖాళీచేసి పోయాడు, కొత్తగా దిగినవాడి చేతికి పాతవాడి బొగ్గు ఖర్చు వచ్చింది. అద్దె ఇళ్ల హైదరాబాద్‌లో ఈ ఒక్క సంగతి ఎన్ని గుమ్మాల దగ్గర తగవులు పెట్టిందో. సర్దుబాటు అనే మెత్తని తెలుగు మాటకు అప్పటినుంచి చెడ్డపేరు వచ్చింది. చాలాకాలానికి, 2025 నవంబరు బిల్లుల నుంచి ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 13 పైసల చొప్పున వెనక్కి ఇవ్వాలని అక్కడి నియంత్రణ మండలి ఆదేశించింది. సర్దుబాటు రెండోవైపుకూ జరుగుతుందని తెలియడానికే జనానికి పదిహేనేళ్లు పట్టింది.

క్యాబుల దగ్గరికొస్తే కథ ఇంకా విచిత్రం. 2022 వేసవి మొదట్లో, మళ్లీ 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు ‘నో ఏసీ’ ప్రచారం చేశారు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ చెప్పిన లెక్క సూటిగా ఉంది. ఏసీ వేస్తే కిలోమీటరుకు పదహారు నుంచి పద్దెనిమిది రూపాయలు ఖర్చు, యాప్ కంపెనీ చేతికిచ్చేది పది పన్నెండు. కాబట్టి ఏసీ వేయం. నలభై డిగ్రీల ఎండలో మాదాపూర్ నుంచి బయల్దేరి కేబుల్ బ్రిడ్జి దాటి జూబ్లీ హిల్స్ రోడ్ నంబర్ 45 ఎక్కే ప్రయాణికుడి ఫోన్లో మాత్రం ‘అన్నీ కలిపిన’ ధరే కనిపిస్తోంది. వర్షం పడితే ఆ ధర ఒకటిన్నర రెట్లు అవుతుంది. డ్రైవరుకు డీజిల్ పెరిగితే మాత్రం అందులో ఏమీ కదలదు. చివరికి ఆ ఇంధన సర్‌చార్జీ ఇద్దరి చెమటల రూపంలో వసూలైంది. ప్రయాణికులు డ్రైవరును తిట్టారు, డ్రైవర్లు ప్రయాణికుల మీద విసుక్కున్నారు. రేటు నిర్ణయించినవాడు ఆ కారులోనే లేడు.

మరి ఇంధనం ఖర్చును జనం గొణుక్కోకుండా కట్టే చోటు ఉందా? ఉంది, ఫిల్మ్‌నగర్‌లోనే. షూటింగుకు బండ్లు తీసుకునేటప్పుడు రోజు బాడుగ వేరు, డీజిల్ వేరు, డ్రైవర్ బత్తా వేరు. జనరేటర్ వ్యాన్ ఎన్ని గంటలు తిరిగితే అన్ని లీటర్లు. ప్రొడక్షన్ మేనేజరు బంకు బిల్లు చూసి డబ్బిస్తాడు, అనుమానమొస్తే మీటరు రీడింగ్ చూస్తాడు. అక్కడా దొంగలెక్కలుంటాయి, వాటి మీద జోకులూ ఉంటాయి. కానీ డీజిల్ పేరు చెప్పి వసూలయ్యేది డీజిల్ డబ్బే. ఆ మేనేజరే సాయంత్రం తన సినిమాకు మొదటి వారం టికెట్ ధర పెంచుకోనివ్వమని ప్రభుత్వానికి పెట్టిన అర్జీ ఏమైందో కనుక్కుంటాడు. ప్రేక్షకుడు ఆన్‌లైన్‌లో అదనపు రుసుము కట్టి ఆ టికెట్ కొంటాడు. వ్యాపారం ఒకచోట బిల్లుకు బిల్లు, ఇంకోచోట అందినకాడికి. బేరమాడగల స్థితిలో ఉన్నవాడికి మొదటి పద్ధతి, లేనివాడికి రెండోది.

ఇంకో చివర రైలుంది. 2013-14 రైల్వే బడ్జెట్‌లో అప్పటి రైల్వే మంత్రి పవన్ కుమార్ బన్సల్ చార్జీలకు ఇంధన ధరను ముడిపెట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో ప్రయాణ చార్జీలు 14.2 శాతం పెరిగినప్పుడు అందులో 4.2 శాతం ఆ ఇంధన సర్దుబాటుదే. టికెట్ మీద దానికి వేరే గీత లేదు. పెరిగిందని వారం రోజులు తిట్టి జనం మరిచిపోయారు. అందుకే చాలామంది నిపుణులు, గీత వేరుగా ఉంటే మండుతుంది, కలిపేస్తే చల్లారుతుంది కాబట్టి కలిపేయడమే మేలంటారు. నేను ఒప్పుకోను. కలిపేసినదాన్ని తగ్గించమని అడగడానికి కూడా మాట దొరకదు. వేరే గీత ఉండబట్టే ఫ్లోరిడాలో డబ్బు వాపసు వచ్చింది, ఇండిగో రుసుము ఎప్పుడు పోయిందో తేదీతో సహా చెప్పగలుగుతున్నాం. అన్నీ కలిపి ఎంతో ముందే చెప్పి, అందులో ఇంధనం ఎంతో గీత గీసి, బంకు ధర ఎంతకు దిగితే ఆ గీత పోతుందో టికెట్ వెనక అచ్చేస్తే మనవాళ్లు కట్టరా? కడతారు. ‘మీటర్ మీద ఇరవై’ని ఇన్నేళ్లుగా కట్టడం లేదూ? ఎక్కకముందే చెప్తాడు, గుట్ట కళ్లెదుట కనిపిస్తుంది, వద్దంటే ఇంకో ఆటో.

డీజిల్ కథ ఇప్పుడు ఇంకో మలుపు తిరిగింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. వాళ్లకు ‘జీరో టికెట్’ ఇస్తారు. 2025 అక్టోబరు 6 నుంచి హైదరాబాద్ సిటీ బస్సుల్లో అదనపు చార్జీ వచ్చింది. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10. ఈసారి కారణం డీజిల్ పెరగడం కాదు, డీజిల్ బస్సుల స్థానంలో కరెంటు బస్సులు రావడం. వాటికి డిపోలు, చార్జింగ్ స్టేషన్లు కావాలి. ఇంధనం ఉన్నందుకు ఒకసారి కట్టినవాళ్లే ఇంధనం లేకుండా చేయడానికి ఇంకోసారి కడుతున్నారు. చెక్‌పోస్టులో బస్సెక్కే దంపతుల్లో భార్య చేతిలో సున్నా టికెట్, భర్త చేతిలో పది రూపాయలు పెరిగిన టికెట్. ఆ పది దేనికో అతని టికెట్ మీద రాసి లేదు.